1968 ఫియట్ లేచింది, కానీ రామతీర్థం దాకా పోవట్లేదు (విజయనగరం)

గంటస్తంభం | ఆదివారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైతే తిట్టుకోకండి.

మేం ఐదుగురం, ఇంటర్ నుంచి స్నేహితులం. ఇప్పుడు అందరికీ యాభైకి అటూ ఇటూ. ఒకడిది లేత్ షాపు, ఒకడు లెక్కల టీచరు, మా బావది ఎరువుల కొట్టు, ఇంకొకడు ఏం చేస్తాడో మాకే సరిగ్గా తెలీదు కానీ ఎప్పుడు పిలిచినా వస్తాడు. నేను ఆడిటరు దగ్గర పద్దులు రాస్తాను. మా బావ వాళ్ల నాన్నగారి 1968 ఫియట్ 1100 డిలైట్, దాసన్నపేట వైపు మూతబడిన రైస్ మిల్లు షెడ్డులో పడి ఉండేది. 2003 తర్వాత దానికి ఎవరూ తాళం పెట్టలేదు. 2014లో హుద్‌హుద్ వచ్చిన రోజు షెడ్డు రేకులు ఎగిరిపోయి దూలం ఒకటి డిక్కీ మీద పడింది. ఆ తర్వాత నాలుగైదు వానాకాలాలు అది అలాగే తడిసింది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టుకునేవి.

కిందటి సిరిమాను రోజు, జాతర చూసుకుని వచ్చి మిల్లు దగ్గర టీ తాగుతుంటే మా బావ "దీన్ని పాత ఇనుముకి ఇచ్చేస్తున్నానర్రా, కిలోల లెక్కన అడుగుతున్నారు" అన్నాడు. లేత్ వాడికి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏటి, మీ నాన్న మనల్ని అందరినీ స్కూల్లో దింపిన బండిని కిలోల లెక్కన అమ్ముతావేటి" అని టీ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు. వచ్చే ఆదివారం స్పానర్ల పెట్టెతో వచ్చాడు. అలా మొదలైంది.

ఇంజన్ పట్టేసి ఉంది. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలోనూ డీజిలు, గేరు ఆయిలు కలిపి పోసి తొమ్మిది రోజులు వదిలేశాం. పదో రోజు టాప్ గేర్లో వేసి అందరం కలిసి ముందుకీ వెనక్కీ ఊపితే 'టక్' అని ఒక చప్పుడు, అంతే, కదిలింది. తర్వాత ఇంజన్ దించి బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేశాం. రేడియేటర్ రాడింగ్ (లోపలి గొట్టాల్లో మట్టి కడ్డీతో తోడించడం) అయింది. డిక్కీ సొట్ట మాత్రం అలాగే ఉంది, దానికి డబ్బుల్లేవు.

ఇప్పుడు అసలు గోల. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి లేస్తుంది, కుట్టుమిషన్‌లా ఆడుతుంది. ఊళ్లో కోట, మూడు లాంతర్లు, బాలాజీ జంక్షన్ ఎంత తిప్పినా ఆగదు. రామతీర్థం రోడ్డెక్కి నెల్లిమర్ల దాటామో, దగ్గు మొదలు. రెండు కుదుపులు కుదిపి ఆగిపోతుంది. పావుగంట కూర్చుంటే మళ్లీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. మూడు ఆదివారాలు ఇదే కథ. కాయిల్ మార్చాం, కండెన్సర్ మార్చాం, పాయింటు మార్చాం, ప్లగ్గులు కొత్తవి, అంటే కరెంటు వైపుదంతా మార్చేశాం. పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ కూడా వేశాం. దారిలో కొబ్బరిబొండాలాయన మమ్మల్ని చూడగానే ఐదు కాయలు కొట్టేస్తున్నాడు.

ఏం చూడాలో చెప్పండి.

గ్రీజుచేతులు | ఆదివారం, రాత్రి 10:20

మాది శ్రీకాకుళం. నలభై ఏళ్లు షెడ్డులోనే బతికాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను తమ్ముడూ. ఇంజన్ ఉంది, రేడియేటర్ ఉంది, కోడిగుడ్లు కూడా ఉన్నాయి. బ్రేకు అన్న మాట ఒక్కటీ లేదు.

బ్రేకులు ఏం చేశారు?

గంటస్తంభం | ఆదివారం, రాత్రి 10:31

పనిచేస్తున్నాయి గురువు గారూ. మూడుసార్లు తొక్కితే గట్టిగా పట్టుకుంటాయి.

గ్రీజుచేతులు | ఆదివారం, రాత్రి 10:44

మూడుసార్లు తొక్కితేనా! నాలుగోసారి తొక్కే టైము ఎదుటి లారీవాడు ఇస్తాడా?

రేపటి నుంచి బండి బయటికి తియ్యకు. ముందు ఆగేలా చెయ్యండి, తర్వాత పోయేలా చేద్దాం. ఆ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, పెడల్ తొక్కితే బ్రేకాయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ ఒక్కటి, లైను ఒక్కటే. ఇప్పటి కార్లలాగా ఒక లైను పోతే ఇంకోటి కాపాడే ఏర్పాటు లేదు. ఏ ఒక్క చక్రం దగ్గర వాషర్ చిరిగినా పెడల్ నేలకి తగులుతుంది, నాలుగూ పోయినట్టే. ఇరవై ఏళ్లు కూర్చున్న బండిలో ఆ రబ్బర్లు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు, డ్రమ్ము విప్పితే నీకే తెలుస్తుంది.

విప్పు. ఫోటో పెట్టు. పెట్రోలు సంగతి తర్వాత.

పెట్రోల్_పులి | సోమవారం, ఉదయం 7:15

అన్నా ఎందుకంత కష్టం, మారుతి వ్యాన్ ఇంజన్ కూర్చోబెట్టెయ్. స్క్రాపులో చవగ్గా దొరుకుతుంది, మైలేజీ వస్తుంది, స్పేర్లు ప్రతి సందులో ఉంటాయి. మావాడొకడు అలాగే చేశాడు. బయటికి ఫియట్, లోపల మారుతి. సూపరు.

నాగావళి_అంబి | సోమవారం, ఉదయం 8:40

పులీ, నీ మావాడి ఆర్సీలో ఇంజన్ నంబరు ఏది ఉందో కనుక్కో. ఇంజన్ మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి, లేకపోతే యాక్సిడెంట్ రోజున ఇన్సూరెన్సు వాడు ముందు చూసేది అదే. పైగా 1089 సీసీ ఇంజన్ బోరు కొట్టించి, రింగులేసి, అది కుట్టుమిషన్‌లా ఆడుతుంటే దాన్ని తీసి పక్కన పెట్టమంటావేంటి.

నాది ఆమదాలవలస దగ్గర, 1971 అంబాసిడర్, మార్క్ 2. మా తాతది. అంబాసిడర్ వాళ్లకి ఒక సుఖం ఉంది, 2014 దాకా ఉత్తరపారలో బండ్లు తయారయ్యాయి కాబట్టి చాలా సామాన్లు ఇంకా దొరుకుతాయి. ఫియట్ వాళ్లకి అద్దాల బీడింగు, తలుపు హ్యాండిలు లాంటివి దొరకడమే కష్టం. కాబట్టి గంటస్తంభం గారూ, ఊడదీసిన ప్రతి ముక్కా దాచండి, విరిగినదైనా సరే. అచ్చు కోసం పనికొస్తుంది.

ఆగిపోవడం గురించి నా అనుభవం ఒకటి. నాది ఏక్సిలేటర్ తొక్కగానే 'బొక్' అని చచ్చేది. నేనూ మీలాగే డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచేది) అంతా మార్చేశాను, దాదాపు నాలుగు వేలు వదిలాయి. చివరికి ఒక పెద్దాయన వచ్చి ఎస్‌యూ కార్బ్యురేటర్ నెత్తి మీద ఉండే చిన్న మూత తిప్పి తీసి చూసి, "దీన్లో నూనెలేదు బాబూ" అని రెండు చుక్కల ఇంజనాయిల్ పోసి పోయాడు. అంతే. ఆ పిస్టన్ గభాల్న లేవకుండా పట్టి ఉంచేది ఆ నూనేనట. డబ్బులు కూడా తీసుకోలేదు. మీ ఫియట్‌కి ఉండేది సోలెక్సు రకం కార్బ్యురేటర్, దానికి ఈ గొడవ లేదు. చెప్పొచ్చేదేంటంటే కొత్త సామాను వెయ్యడం వేరు, చూడడం వేరు.

హెరాల్డ్_అమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:05

గంటస్తంభం గారూ, మీ పోస్టులో ఒక మాట అందరూ వదిలేశారు. ఊళ్లో ఆగదు, రోడ్డెక్కితేనే ఆగుతుంది అన్నారు. కాయిల్ వేడెక్కి పోతుంటే ఊళ్లో ట్రాఫిక్‌లో ముందు పోవాలి, అక్కడ గాలి తగలదు కదా. వేడికి పెట్రోలు లైనులో ఆవిరి పట్టేసినా అంతే, నిలబడి నడిచేచోటే ఎక్కువ. మీది స్పీడుగా పోతున్నప్పుడు పోతోంది. అంటే కరెంటు కాదు, పెట్రోలు చాలట్లేదని నా అనుమానం. నెమ్మదిగా పోతే ఆ కాస్త సరిపోతోంది, అరవైలో పోతే కార్బ్యురేటర్ గిన్నె ఖాళీ అవుతోంది, పావుగంట కూర్చుంటే మళ్లీ నిండుతోంది.

ఈసారి ఆగినప్పుడు రెండే పనులు చెయ్యండి. ఒకటి, వెంటనే ఒక ప్లగ్గు తీగ ఊడదీసి నిప్పు వస్తోందా చూడండి. రెండు, పెట్రోల్ ట్యాంకు మూత విప్పి చెవి పెట్టి వినండి.

(మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్‌తో ఆరేళ్లుగా కాపురం చేస్తున్నాను. బానెట్ మొత్తం ముందుకి ఒరిగిపోతుంది కాబట్టి చక్రం మీద కూర్చుని పని చేసుకోవచ్చు, ఆ ఒక్క విషయంలో మీ అందరికన్నా నాకు సుఖం.)

పెట్రోల్_పులి | సోమవారం, మధ్యాహ్నం 1:30

ట్యాంకుకి చెవి పెట్టి వినాలా?? ఏం చెప్తుందక్కా అది

హెరాల్డ్_అమ్మాయి | సోమవారం, మధ్యాహ్నం 1:42

'ఉస్సు' అంటుంది తమ్ముడూ. పెట్రోలు బయటికి పోయిన కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. పాత కార్లు చాలావాటికి ఆ గాలి మూతలో ఉండే సన్న బెజ్జం లోంచే వెళ్తుంది. బెజ్జం మూసుకుపోతే ట్యాంకు లోపల పీల్పు తయారై పంపు ఎంత గుంజినా పెట్రోలు రాదు. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచి చూడు, గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లు పెడితే ధార.

తాండ్రముక్క | సోమవారం, రాత్రి 8:10

మన జిల్లా బండి రామతీర్థం దాకా కూడా పోలేకపోతే పరువు పోతుంది అన్నయ్యా. ప్యాకింగులు ఎక్కడైనా కారుతుంటే చెప్పండి, భీమాళి తాండ్ర పంపిస్తాను. దానికి మించిన ప్యాకింగ్ లేదు, అతికిందంటే ఇంక ఊడదు.

మాజీ_బ్యాంకు | మంగళవారం, ఉదయం 6:05

గంటస్తంభం బాబూ, చాలా సంతోషం. 1968 డిలైట్ అని సరిగ్గా రాశావు. కుర్రాళ్లు కనపడిన ప్రతి ఫియట్‌నీ పద్మిని అంటారు. పద్మిని పేరు వచ్చింది 1974లో. అంతకు ముందు ఒకటి రెండేళ్లు ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్నారు, దానికి ముందు 1964 నుంచి వచ్చినవన్నీ డిలైట్లు. బండి మాత్రం ఇంచుమించు అదే. స్టీరింగు పక్కన గేరు, నాలుగు గేర్లు. ఆ రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లం. వీధిలోకి కొత్త ఫియట్ వచ్చిందంటే కొబ్బరికాయ కొట్టేది ఒకరైతే దండం పెట్టేది వీధంతా.

ఒక్క సంగతి అడుగుతాను. నంబరు ప్లేటు మీద అక్షరాలు ఏమున్నాయి? కాగితాలు ఉన్నాయా? ఇంజన్ మీద పెట్టిన శ్రద్ధలో సగం కాగితాల మీద పెట్టండి.

గంటస్తంభం | మంగళవారం, రాత్రి 9:15

మాస్టారూ, కాగితాల మీద పెద్ద కథే ఉంది. ఆర్సీ పుస్తకం చెదలు తినగా సగం మిగిలింది. రికార్డు కోసం ఒక ఆఫీసుకి వెళ్తే "మీ నంబరు మా దగ్గర లేదు" అన్నారు. మూడుసార్లు తిరిగాం. చివరికి మా టీచరుకి వెలిగింది. విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979 జూన్ 1న. 1968లో మన ఊరు విశాఖ జిల్లాలో ఉండేది కదా, బండి నంబరు ఆ జిల్లాదే. బండి మాత్రం పుట్టి బుద్ధెరిగి దాసన్నపేట దాటింది తక్కువ. జిల్లా మారింది గానీ అది కదల్లేదు. పాత రికార్డు ఉన్నచోట నుంచి కాగితం తెచ్చుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలా, మామూలు రెన్యువల్ చాలా అన్నది మా అయిదుగురిలో తెగట్లేదు. బావ వింటేజ్ అంటాడు, నంబరు పోతుందని నాకు భయం.

మాజీ_బ్యాంకు | బుధవారం, ఉదయం 5:50

నంబరు పోదు. వింటేజ్ నియమాలు కేంద్రం 2021 జులైలో ఇచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, వ్యాపారానికి వాడకూడదు, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. (పులి తమ్ముడు ఇది చదవాలి.) కొత్తగా రిజిస్టర్ చేసే బండికి నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఇప్పటికే నంబరున్న బండి తన పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత ప్రతిసారీ 5,000.

కానీ చిక్కు ఎక్కడంటే, వింటేజ్ కింద పెట్టాక దాన్ని రోజువారీ తిప్పుకోవడానికి లేదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలు పోయించడానికీ, రిపేరుకీ మాత్రమే. అరసవల్లి దర్శనానికి వెళ్తానంటే అది ర్యాలీ కాదు కదా. మామూలు రెన్యువల్ అయితే అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించాలి, ఇరవై ఏళ్లు దాటిన కారుకి 2025 ఆగస్టు నుంచి ఫీజు 10,000 చేశారు, గ్రీన్ టాక్సు వేరే. కట్టేసి హాయిగా తిరగండి అని నా సలహా. తిరగని బండికి అంత కష్టం దేనికి? మీ బావగారు కోప్పడితే నా పేరు చెప్పు.

గంటస్తంభం | ఆదివారం, రాత్రి 8:30

గ్రీజుచేతులు గారికి దండం. ఇవాళ నాలుగు డ్రమ్ములూ విప్పాం. ఇది చదివే కొత్తవాళ్లకి కూడా తెలియాలి కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మూడు డ్రమ్ములు సుత్తి దెబ్బలకి ఊడాయి. వెనక ఎడమది రాలేదు. లేత్ వాడు బ్లో లాంపుతో చుట్టూ వేడి చేసి, చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టి కొట్టి, చివరికి ఒంటిగంటకి ఊడింది. ఊడగానే లోపలినుంచి ఎర్రమట్టి లాంటి తుప్పు గుప్పెడు రాలింది. వీల్ సిలిండర్ లో ఒక పిస్టన్ అసలు కదలట్లేదు, గోడకి అతుక్కుపోయింది. రెండోది వేలితో లాగితే వచ్చింది, దాని వెనకున్న రబ్బరు వాషర్ మాత్రం నా వేళ్ల మధ్య పాకం తప్పిన జీళ్లలా సాగింది. అదీ ఇన్నాళ్లూ మమ్మల్ని ఆపింది. సిలిండర్లోంచి కారిన బ్రేకాయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది, అడుగున మడ్డి. ఆ చక్రం లైనర్లు (డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పట్టీలు) మొత్తం తడిసి ఉన్నాయి, అంటే అది ఎన్నాళ్లుగా పట్టట్లేదో.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. కిందటి ఆదివారం మా టీచరు వాళ్ల పాప కూడా మాతో ఉంది బండిలో.

గ్రీజుచేతులు | ఆదివారం, రాత్రి 9:02

సరే, అయిందేదో అయింది. భయపడ్డావు కదా, అది చాలు. ఇప్పుడు పని విను.

సిలిండర్ల లోపల గోకుడు చూడు. గోరుకి తగిలే గుంటలుంటే ఎమిరీ కాగితం పెట్టి రుద్ది సరిపెట్టకు, వారం తిరక్కుండా మళ్లీ కారుతుంది. మీ లేత్ వాడు ఉన్నాడు కదా, లోపల స్లీవు వేయించు. ఇత్తడిది వేస్తే తుప్పు గొడవ ఉండదు. రబ్బర్లన్నీ కొత్తవి, మాస్టర్ సిలిండర్‌లోవి కూడా. చక్రాల దగ్గర వంగే రబ్బరు గొట్టాలు బయటికి బాగానే కనపడతాయి, నమ్మకు, మార్చు. అవి లోపల ఉబ్బిపోయి తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. చక్రం పట్టేసి డ్రమ్ము కాలిపోతుంది.

రబ్బర్లు బ్రేకాయిల్‌తోనే తడిపి ఎక్కించు, డాట్ 3 రకం ఆయిల్. గ్రీజు కానీ ఇంజనాయిల్ కానీ చుక్క తగిలినా ఆ రబ్బరు ఉబ్బుతుంది. పెట్రోల్‌తో కడగకు. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం ముందు, దగ్గరిది చివర. సన్న గొట్టం ఒక చివర నిపుల్‌కి, ఇంకో చివర సీసాలో ఆయిల్లో మునిగి ఉండాలి. బుడగలు ఆగేదాకా తొక్కుతూనే ఉండాలి, మధ్యలో పైన డబ్బా ఖాళీ అయిందా మళ్లీ మొదటికి. తొక్కేవాడు ఓపికస్తుడై ఉండాలి. టీచరుని కూర్చోబెట్టు.

నాగావళి_అంబి | ఆదివారం, రాత్రి 9:20

పనిలో పని, ఇంజన్ పక్కన గుండ్రంగా బిళ్లల్లా ఉంటాయే వాటర్ ప్లగ్గులు, అవి కూడా ఒకటి ఊడదీసి చూడండి. మన వైపు అందరూ రేడియేటర్లో బోరు నీళ్లే పోశారు, నాది విప్పితే వెనక సిలిండర్ చుట్టూ మట్టి గట్టిగా పేరుకుని ఉంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే గానీ రాలేదు. రాడింగ్ ఎంత చేయించినా ఆ మట్టి అక్కడే ఉంటుంది.

గంటస్తంభం | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:45

బ్రేకులు అయిపోయాయి. స్లీవులు మావాడే వేశాడు. పెడల్ ఒక్క తొక్కుకి రాయిలా నిలబడుతోంది. అంబి గారు చెప్పినట్టు వాటర్ ప్లగ్గు తీశాం, నిజమే, మా బావ చెంచాతో తోడితే సగం చెంబు మట్టి వచ్చింది. ఇప్పుడు కూలెంట్ పోశాం.

అప్పుడు ధైర్యం చేసి రామతీర్థం రోడ్డెక్కాం. నెల్లిమర్ల దాటింది, దగ్గింది, ఆగింది. కొబ్బరిబొండాలాయన కత్తి తీశాడు. నేను పరిగెత్తి ప్లగ్గు తీగ తీసి చూశాను, నీలంగా నిప్పు దూకుతోంది. తర్వాత ట్యాంకు మూత తిప్పాను. చెవి పెట్టక్కర్లేదు, రోడ్డుకి అవతల ఉన్నవాళ్లకి కూడా వినపడింది 'ఉస్స్స్' అని. వెంటనే తాళం తిప్పితే లేచింది!

మూత సంగతి తర్వాత తేలింది. అసలు మూత పోయిందని, నడిచే రోజుల్లో మా మామయ్య గారు ఏదో వేరే బండిది సరిపోతోందని పెట్టించారట. దానికి బెజ్జమే లేదు. మావాడు సన్న బిట్టు పెట్టి బెజ్జం వేశాడు.

కానీ. (ఈ 'కానీ' రాయాలంటే ఏడుపొస్తోంది.) వచ్చేటప్పుడు నెల్లిమర్లకి రెండు కిలోమీటర్ల ముందు మళ్లీ ఆగింది. ఈసారి మూత తీస్తే చప్పుడు లేదు.

హెరాల్డ్_అమ్మాయి | ఆదివారం, రాత్రి 7:30

పెట్రోల్ లైనులో రబ్బరు గొట్టం ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయి? ముఖ్యంగా ట్యాంకుకీ పంపుకీ మధ్య. అవి ఎప్పటివి?

గంటస్తంభం | ఆదివారం, రాత్రి 7:41

ట్యాంకు కింద ఒక జానెడు ముక్క ఉందమ్మా. కొత్తదే, మొన్న సంక్రాంతికి వేశాం. మామూలు గొట్టం, మీటర్ల లెక్కన అమ్మేది.

హెరాల్డ్_అమ్మాయి | ఆదివారం, రాత్రి 8:15

అదే అయ్యుంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. మామూలు రబ్బరు దాన్ని తట్టుకోదు, మెత్తబడుతుంది. మీ పంపు ఇంజన్ దగ్గర ఉంది, ట్యాంకు వెనక ఉంది, అంత దూరం నుంచి అది పీల్చాలి. మెత్తబడిన గొట్టం ఆ పీల్పుకి చప్పిడి అయిపోతుంది. శీతల పానీయం స్ట్రా నోట్లో అతుక్కుపోతుంది చూడండి, అలా. ఇంజన్ ఆగితే పీల్పు పోయి మళ్లీ గుండ్రంగా అవుతుంది. మూత లోపం, గొట్టం లోపం రెండూ ఒకేలా కనపడతాయి, అందుకే ఒకటి బాగుచేసినా రెండోది మిగిలింది.

నాకు ఇదే జరిగింది, నేను పంపు డయాఫ్రం మార్చి, కార్బ్యురేటర్ రెండుసార్లు విప్పి, చివరికి గొట్టం చేత్తో పిసికితే అర్థమైంది. ఊడదీసి రెండు వేళ్లతో నొక్కి చూడండి. ఇథనాల్‌కి ఆగే విటాన్ రకం గొట్టం అని అడిగి తీసుకోండి, రేటు మూడు నాలుగు రెట్లుంటుంది, అయినా జానెడే కదా. పంపులో డయాఫ్రం పాతదైతే అది కూడా. ఇంకోటి, నెలల తరబడి బండి కదపకపోతే ట్యాంకులో పెట్రోలు ఉంచకండి. ఇథనాల్ గాలిలో తడిని పట్టుకుంటుంది, మన సముద్రపు గాలికి ట్యాంకు అడుగున నీళ్లు చేరి లోపలినుంచి తుప్పు పడుతుంది.

పెట్రోల్_పులి | ఆదివారం, రాత్రి 8:40

అక్కా మీ షెడ్డు ఎక్కడ, పనికి చేరిపోతా

హెరాల్డ్_అమ్మాయి | ఆదివారం, రాత్రి 8:52

షెడ్డు లేదు తమ్ముడూ, మా ఇంటి సపోటా చెట్టు కింద. జీతం ఉండదు, సపోటాలు మాత్రం ఉంటాయి.

మాజీ_బ్యాంకు | సోమవారం, ఉదయం 6:10

అమ్మా, దీనికే కలుస్తుంది కాబట్టి అడుగుతున్నాను. సీసం కలిపిన పెట్రోలు దేశమంతా ఆపేసింది 2000 ఫిబ్రవరిలో. ఆ సీసం పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరగకుండా కాపాడేదని మా మెకానిక్ చెప్పేవాడు. బోరు చేయించినప్పుడు వీళ్లు హెడ్డు సంగతి చూశారంటావా?

గ్రీజుచేతులు | సోమవారం, ఉదయం 9:30

మంచి ప్రశ్న. గట్టి సీట్లు వేయిస్తే మంచిదే, కానీ వీళ్లు తిప్పే తిప్పుడికి తొందర లేదు. ఆర్నెల్లకోసారి వాల్వు సందు చూసుకోవాలి. సందు మాటిమాటికీ తగ్గిపోతుంటే సీటు లోపలికి అరుగుతోందని అర్థం, అప్పుడు హెడ్డు విప్పొచ్చు. ఇంజనాయిల్ మాత్రం ఖరీదైన పల్చటి కొత్త రకాలు పొయ్యకండి, 20డబ్ల్యూ-40 మామూలుది చాలు. పాతకాలం క్యామ్‌కి దళసరి నూనే తిండి.

తాండ్రముక్క | సోమవారం, ఉదయం 10:05

మొత్తం ఎంతయిందో అడగొచ్చా అన్నయ్యా? మా ఆవిడ పక్కనుంచి అడగమంటోంది. మా ఇంట్లో కూడా ఒక పాత జీపు ఉంది.

గంటస్తంభం | సోమవారం, రాత్రి 9:00

పద్దులు రాసేవాణ్ణి కదా, రూపాయితో సహా ఉంది. బోరింగ్, పిస్టన్లు, లేత్ పనులు 31 వేలు (మావాడి కూలి సున్నా). రేడియేటర్ 5,500. బ్రేకులు 14 వేలు. టైర్లు, ట్యూబులు 16 వేలు, ఆ 14 అంగుళాల సైజు కోసం విశాఖ ఆటోనగర్‌లో ఒక రోజంతా తిరిగాం. వైరింగ్ 9 వేలు. ఫ్లోర్ రేకు కోసి కొత్తది వెల్డింగ్ 22 వేలు. అవసరం లేకుండా మార్చిన కాయిల్, కండెన్సర్, పాయింటు, ఫిల్టరు వగైరా 4,700, ఇది విడిగా రాసుకున్నాను, సిగ్గు కోసం. టీలు, పెసరట్లు, కొబ్బరిబొండాలు లెక్క రాయలేదు, రాస్తే ఇంజన్ ఖర్చుని దాటిపోతుందని భయం. పెయింటు ఇంకా మొదలే కాలేదు.

మీ ఆవిడకి ఇది చూపించకండి.

నాగావళి_అంబి | సోమవారం, రాత్రి 9:25

పెయింటుకి తొందరపడొద్దు. డెంటింగ్ వాడు లాంబి (సొట్టలు పూడ్చే పుట్టీ) కుమ్మేసి నున్నగా చేసి ఇస్తాడు, మన తీరం గాలికి రెండో వానాకాలానికి బుడగలు లేస్తాయి. తలుపుల అడుగున నీళ్లు కారే బెజ్జాలు మూసెయ్యకుండా చూసుకోండి, పెయింటర్లు తెలియక మూసేస్తారు, తలుపు లోపలే నీళ్లు నిలిచి కుళ్లిపోతుంది.

గంటస్తంభం | రెండు వారాల తర్వాత, సోమవారం, ఉదయం 7:00

నిన్న మా బావ అరసవల్లి అన్నాడు. అందరం వద్దన్నాం, అందరం ఎక్కాం.

ఆ పాత గొట్టం ఊడదీసి రెండు వేళ్లతో నొక్కితే ఉడికిన పాస్తా ముక్కలా ఉంది. కొత్త విటాన్ గొట్టం వేశాం, జానెడే. పొద్దున అయిదుకి బయల్దేరి నాతవలస దగ్గర హైవే ఎక్కాం. పూసపాటిరేగ దాటాం. పైడిభీమవరం దాటాం. రణస్థలం దగ్గర టీచరు "ఆపుదామా, చల్లబడుతుంది" అన్నాడు. ఎవరూ ఆపలేదు. చిలకపాలెం దాటేదాకా కారులో ఒక్కడూ మాట్లాడలేదు, ఆరో మనిషి మాట వింటున్నట్టు అందరం ఇంజన్ చప్పుడే వింటూ కూర్చున్నాం. ఎచ్చెర్ల దగ్గర లేత్ వాడు ఈల వేశాడు, అప్పుడు బావ ఏడ్చాడు. ఏడవలేదంటాడు, కిటికీ గాలి అంటాడు.

ఏడు రోడ్ల కూడలి దగ్గర గ్రీజుచేతులు గారు వచ్చి నిలబడ్డారు. అనుకున్నదానికన్నా పెద్దాయన, లుంగీ, చేతిలో టార్చి. మేమంతా బండి చుట్టూ నిలబడి ఏమంటారో అని చూస్తున్నాం. ఆయన పెయింటు లేని డిక్కీ వైపు గానీ, మేం పాలిష్ పెట్టి మెరిపించిన ముందు గ్రిల్లు వైపు గానీ చూడలేదు. నేల మీద మోకాళ్లూని వంగి, ఒక్కో చక్రం లోపలి వైపు టార్చి వేసి, వేలితో తుడిచి వాసన చూశారు. నాలుగు చక్రాలూ అయ్యాక లేచి, "పొడిగానే ఉన్నాయి. పదండి, టీ తాగుదాం" అన్నారు.

టీ డబ్బులు ఆయనే ఇచ్చారు, మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

హెరాల్డ్_అమ్మాయి | సోమవారం, ఉదయం 7:20

ఎంత బాగుందో చదువుతుంటే. లైట్లు ఎలా ఉన్నాయి వచ్చేటప్పుడు? చీకటి పడిందా?

గంటస్తంభం | సోమవారం, ఉదయం 7:33

పడిందమ్మా. కుడి లైటు అగరొత్తిలా ఉంది. బల్బు మార్చాలేమో.

హెరాల్డ్_అమ్మాయి | సోమవారం, ఉదయం 7:35

బల్బు కొనకండి!! ముందు ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు గీకి చూడండి. మీ సిగ్గు పద్దు ఇంక పెరగనివ్వను.

గ్రీజుచేతులు | సోమవారం, ఉదయం 11:10

నిన్న నీ ఎదుట అనలేదు, అందరూ సంబరంగా ఉన్నారని. టీ కొట్టు దగ్గర నుంచి బండి నేను తీశాను కదా వీధి చివరిదాకా, పెడల్ అర అంగుళం ఎక్కువ కిందికి పోతోంది. కొత్త లైనర్లు సర్దుకున్నాయి, అంతే, కంగారు లేదు. వచ్చే ఆదివారం జాకీ ఎత్తి నాలుగు చక్రాలకీ ఎడ్జస్టర్లు బిగించు. చక్రం చేత్తో తిప్పుతూ బిగించు, రాసుకునేదాకా బిగించి, రాసుకోవడం పోయేదాకా వదులు చెయ్యి. తర్వాత ఇక్కడ రాయి.

టీచరు గారి పాపని అప్పుడు ఎక్కించుకోండి.